డాలర్, చుక్క, పైప్: రోజూ వాడే మనిషి రాస్తున్న రివ్యూ

మొన్న మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషలో (ఫంక్షన్లని ఒకదానికొకటి కలుపుకుంటూ ప్రోగ్రామ్ రాసే భాష) కోడ్ చదువుతూ చదువుతూ ఆగిపోయి "అక్కా, ఈ డాలర్ గుర్తు ఏం చేస్తుంది?" అని అడిగింది. "ఏం చెయ్యదమ్మా" అన్నా. తను నమ్మలేదు. డెఫినిషన్ తీసి చూపించా, ఎఫ్ $ ఎక్స్ = ఎఫ్ ఎక్స్, అంతే, ఎడమవైపు ఉన్న ఫంక్షన్ని కుడివైపు ఉన్నదానికి అప్లై చెయ్యడం, అది మధ్యలో ఉత్త స్పేస్ పెట్టినా జరిగేదే. ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిచ్చే ఐడీ ఫంక్షన్ ఉంది కదా, లెక్క ప్రకారం డాలర్ కూడా అదే, కాకపోతే టైప్‌ని, అంటే ఏ రకం విలువ తీసుకుంటుందో దాన్ని, ఫంక్షన్ల వరకు బిగించారు. "మరి ఏమీ చెయ్యనిదాన్ని ప్రతి లైన్లో ఎందుకు రాస్తున్నాం?" అంది. అప్పటికి ఏదో చెప్పి పంపించా కానీ అది నాకే సరిపోలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఫంక్షనల్ భాషల్లో అప్లికేషన్‌కి (ఫంక్షన్‌కి విలువ ఇవ్వడం), కంపోజిషన్‌కి (రెండు ఫంక్షన్లని కలిపి ఒకటి చెయ్యడం) వాడే గుర్తులన్నీ ఏళ్లుగా నా చేతి కింద నలిగినవే, హాస్కెల్లో $, చుక్క, &, ఎఫ్ షార్ప్‌లో, ఎల్మ్‌లో, ఎలిక్సిర్‌లో పైప్ అనే |>, వీటిల్లో ఏది ఎంత పనికొస్తుందో, ఏది ఎక్కడ దెబ్బకొడుతుందో నా అనుభవంలో ఉన్నది ఉన్నట్టు చెప్తా.

అన్నిటికీ ఒకటే ఉదాహరణ పెట్టుకుందాం, పేర్లు తెలుగులోనే రాస్తా. ఒక లాగ్ ఫైల్ టెక్స్ట్ ఉంది, దాన్ని లైన్లుగా విడగొట్టాలి, ఎర్రర్ ఉన్న లైన్లు ఏరాలి, ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. బ్రాకెట్లతో రాస్తే ఇలా ఉంటుంది:

లెక్కపెట్టు (ఫిల్టర్ ఎర్రరుందా (లైన్లు టెక్స్ట్))

మూడు పనులకే చివర్లో రెండు బ్రాకెట్లు మూసుకుంటున్నాయి, ఏడెనిమిది పనులైతే ఏ బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో ఎడిటర్ రంగులేసి చూపిస్తే తప్ప తెలీదు. డాలర్ పుట్టింది ఇక్కడే:

లెక్కపెట్టు $ ఫిల్టర్ ఎర్రరుందా $ లైన్లు టెక్స్ట్

హాస్కెల్లో స్పేస్‌తో చేసే అప్లికేషన్ ఏ ఆపరేటర్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది, డాలర్‌కేమో ప్రెసిడెన్స్ (ఏది ముందు కట్టుకోవాలో చెప్పే అంకె) సున్నా, అంటే అన్నిటికన్నా వదులు, పైగా కుడివైపు నుంచి కట్టుకుంటూ వస్తుంది. అందుకని డాలర్ కనిపించిందంటే "ఇక్కణ్ణుంచి లైన్ చివరిదాకా ఒక బ్రాకెట్ ఉందనుకో" అని అర్థం. చేసే పనేమీ లేదు, ఉన్నదంతా ప్రెసిడెన్స్‌లోనే ఉంది. ఆ అమ్మాయికి నేను ముందే చెప్పాల్సిన మాట ఇది.

డాలర్‌కి ఇంకో ముఖం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. బ్రాకెట్లో ($ 3) అని రాస్తే అది "నాకో ఫంక్షన్ ఇవ్వు, దానికి 3 ఇస్తా" అనే ఫంక్షన్ అయిపోతుంది. ఫంక్షన్ల లిస్ట్ ఒకటుంటే దాని మీద మ్యాప్ ($ 3) నడిపితే ప్రతి ఫంక్షనూ 3 తీసుకుని జవాబిస్తుంది. ఒక లిస్ట్‌లో ఫంక్షన్లు, ఇంకో లిస్ట్‌లో విలువలు ఉంటే జిప్‌విత్ ($) అంటే జతలు జతలుగా అప్లై అయిపోతాయి. స్పేస్‌కి పేరు లేదు కాబట్టి స్పేస్‌ని ఎవరి చేతికీ ఇవ్వలేం, డాలర్ అంటే అప్లికేషన్‌కి ఒక పేరు పెట్టడం, ఆ ఒక్కదానికే నాకది ఇష్టం. పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి $! అంటే విలువని ముందు లెక్కగట్టి అప్పుడు ఇస్తుంది, అది నిజంగానే పని చేసే చుట్టం.

ఇంత చెప్పి కూడా డాలర్‌కి 5కి 3 మాత్రమే ఇస్తా. కారణం చెప్తా. నేను ఏ ఆపరేటర్ గొలుసునైనా ఒకటే పరీక్ష పెడతా, మధ్యలో తెంపి చూస్తా. తెంపిన ముక్క తన కాళ్ల మీద తను నిలబడుతుందా లేదా. పై లైన్లో ఎడమవైపు ముక్క తెంపండి, లెక్కపెట్టు $ ఫిల్టర్ ఎర్రరుందా. ఇది దేనికీ పనికిరాదు, లిస్ట్ లెక్కపెట్టాల్సిన ఫంక్షన్‌కి వెళ్లి ఇంకో ఫంక్షన్ని ఇస్తున్నాం, టైప్ ఎర్రర్ కొడుతుంది. కుడివైపు ముక్క మాత్రం బతుకుతుంది, అది ఒక విలువ. అంటే డాలర్ గొలుసుని ఒక్క వైపు నుంచే విరవగలం. రేపు ఆ రెండు పనులు ఇంకోచోట కూడా కావాల్సి వస్తే కాపీ చేసి పేరు పెట్టుకునే వీలు లేదు, మళ్లీ తిరగరాసుకోవాలి.

ఇప్పుడు చుక్క.

లెక్కపెట్టు . ఫిల్టర్ ఎర్రరుందా . లైన్లు

టెక్స్ట్ కనబడట్లేదు చూడండి. ఇది జవాబు కాదు, కొత్త ఫంక్షన్, టెక్స్ట్ ఇస్తే అంకె ఇస్తుంది. లెక్కల పుస్తకంలో ఎఫ్ ∘ జీ అని చిన్న సున్నా పెడతారే, అదే ఇది, కీబోర్డ్ మీద దానికి దగ్గరగా ఉన్నది చుక్క కాబట్టి చుక్క. దీని ప్రెసిడెన్స్ 9, ఆపరేటర్లలో అన్నిటికన్నా పైన. ఎక్కడ తెంపినా ఫంక్షనే వస్తుంది, లెక్కపెట్టు . ఫిల్టర్ ఎర్రరుందా తీసి ఎర్రర్లెన్ని అని పేరు పెట్టేయండి, మిగతాది అలాగే ఉంటుంది, ఎర్రర్లెన్ని . లైన్లు. మొదటి రెంటిని ముందు కలిపినా చివరి రెంటిని ముందు కలిపినా ఫలితం ఒకటే, లెక్కల్లో చెప్పుకునే అసోసియేటివిటీ అంటే ఇదే, బళ్లో చదివినప్పుడు ఇదెందుకురా అనిపించిన ఆ నియమం ఇప్పుడు నాకు రీఫ్యాక్టరింగ్ (పని మారకుండా కోడ్‌ని సర్దడం) చేసేటప్పుడు రోజూ అన్నం పెడుతోంది. అందుకే నేను గొలుసంతా చుక్కలతో కట్టి ఆఖర్న ఒకే ఒక్క డాలర్ పెడతా, లెక్కపెట్టు . ఫిల్టర్ ఎర్రరుందా . లైన్లు $ టెక్స్ట్. ఒక లైన్లో రెండో డాలర్ కనిపిస్తే కోడ్ రివ్యూలో తప్పకుండా ఆగి చూస్తా.

చుక్కకి 4.5. ఆ అర మార్కు ఎందుకు పోయిందంటే, ఆ గుర్తు మీద చాలామంది కన్నుంది. హాస్కెల్లో మాడ్యూల్ పేరుకీ ఫంక్షన్ పేరుకీ మధ్య చుక్కే, కంపోజిషన్‌కీ చుక్కే. పెద్ద అక్షరంతో మొదలయ్యే కన్‌స్ట్రక్టర్ (విలువని కట్టే పేరు), ఉదాహరణకి జస్ట్, దాని పక్కన స్పేస్ లేకుండా చుక్క పెట్టి ఫంక్షన్ పేరు రాశారనుకోండి, కంపైలర్ జస్ట్ అనే మాడ్యూల్ కోసం వెతకడం మొదలుపెడుతుంది, ఎర్రర్ చూస్తే మనకి అస్సలు అర్థం కాదు. 2021లో వచ్చిన జీహెచ్‌సీ (హాస్కెల్ కంపైలర్) 9.2లో రికార్డ్ ఫీల్డ్ తీయడానికి కూడా చుక్క వాడుకునే ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు, అది ఆన్ చేశాక స్పేస్ ఉంటే కంపోజిషన్, లేకపోతే ఫీల్డ్. నేనైతే చుక్కకి రెండు పక్కలా స్పేస్ లేకుండా ఎప్పుడూ రాయను, ఎవరైనా రాస్తే మార్పించేదాకా వదలను. ప్యూర్‌స్క్రిప్ట్ వాళ్లు చుక్కని రికార్డులకే వదిలేసి కంపోజిషన్‌కి <<< పెట్టుకున్నారు, చూడ్డానికి బండగా ఉన్నా గందరగోళం మాత్రం లేదు.

ఇంకో మాట, ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కి ఇచ్చే విలువలు) రెండున్న ఫంక్షన్ దగ్గర చుక్క మొరాయిస్తుంది. లెక్కపెట్టు . ఫిల్టర్ అని రాస్తే పని చెయ్యదు, ఎందుకంటే ఫిల్టర్ ఒక్కటి తీసుకుని ఇంకో ఫంక్షన్ ఇస్తుంది, లిస్ట్ ఇవ్వదు. కావాలంటే (లెక్కపెట్టు .) . ఫిల్టర్ అని రాయొచ్చు, నడుస్తుంది కూడా. కానీ దయచేసి రాయకండి. అది చదివేవాళ్లు కాగితం తీసి టైపులు రాసుకుని పది నిమిషాలు కూర్చోవాలి, ఆర్గ్యుమెంట్‌కి ఒక పేరు పెట్టి మామూలుగా రాస్తే పది సెకన్లలో అయిపోయేది.

సరే, ఇక పైప్ దగ్గరికొద్దాం, నా మనసు ఎక్కువ ఉన్నది ఇక్కడే.

టెక్స్ట్ |> లైన్లు |> ఫిల్టర్ ఎర్రరుందా |> లెక్కపెట్టు

దీన్ని గట్టిగా చదవండి. టెక్స్ట్ తీసుకుని, లైన్లుగా విడగొట్టి, ఎర్రరున్నవి ఏరి, లెక్కపెట్టు. మనం మాట్లాడే పద్ధతే కదా ఇది! తీసుకుని, విడగొట్టి, ఏరి అని అసమాపక క్రియలు వరసగా పేర్చుకుంటూ పోయి చివర్న ఒక్క సమాపక క్రియతో వాక్యం ముగిస్తాం, చిన్నప్పుడు వ్యాకరణంలో క్త్వార్థకం అని చదువుకున్నాం చూడండి, ఒక్కో పైప్ ఒక్కో క్త్వార్థకం. చుక్కల గొలుసు మాత్రం కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, ముందు జరిగే పని ఆఖర్న ఉంటుంది, కళ్లు వెనక్కి నడవాలి. తెలుగులో ఆలోచించే బుర్రకి పైప్ ఎందుకు అంత చప్పున ఎక్కుతుందో నాకు చాలా రోజులు తెలీలేదు, ఒకరోజు జూనియర్‌కి పైప్‌లైన్‌ని నోటితో చదివి వినిపిస్తుంటే తట్టింది. అప్పట్నుంచి ఎవరికి నేర్పినా ముందు వాక్యం చెప్పమంటా, తర్వాతే కోడ్.

తెంపి చూసే పరీక్షలో కూడా పైప్ బాగా నెగ్గుతుంది. ఎడమ నుంచి ఎక్కడిదాకా తీసుకున్నా ఒక విలువ వస్తుంది, టెక్స్ట్ |> లైన్లు దగ్గర ఆపితే లైన్లు, ఇంకో అడుగు వేసి ఆపితే ఎర్రర్ లైన్లు. అంటే డీబగ్ చేసేటప్పుడు కింది లైన్లు కామెంట్ చేసుకుంటూ పైకి పోతే ఎక్కడ లెక్క తప్పిందో దొరికిపోతుంది. ఎలిక్సిర్‌లో అయితే 1.14లో డీబీజీ అని ఒకటి ఇచ్చారు, గొలుసు చివర్న |> డీబీజీ అని తగిలిస్తే ప్రతి అడుగులో ఏం వచ్చిందో వరసగా ప్రింట్ చేసి పెడుతుంది, అది వాడాక వేరే భాషలో పైప్ రాసేటప్పుడు చెయ్యి దానికోసమే వెతుక్కుంటుంది.

ఎఫ్ షార్ప్‌లో పైప్ ఇంకో పెద్ద మేలు చేస్తుంది, అక్కడ అది అందం కోసం పెట్టుకున్నది కాదు. ఎఫ్ షార్ప్ కంపైలర్ టైపుల్ని ఎడమ నుంచి కుడికి ఊహించుకుంటూ వెళ్తుంది. లిస్ట్ మీద మ్యాప్ రాసి, లోపలి లాంబ్డాలో (పేరు లేని చిన్న ఫంక్షన్) ఎస్ అనే స్ట్రింగ్ పొడవు ఎస్.లెంగ్త్ అని అడిగి, డేటాని ఆఖర్న ఇచ్చారనుకోండి, లాంబ్డా దగ్గరికొచ్చేసరికి ఎస్ ఏ టైపో కంపైలర్‌కి ఇంకా తెలీదు, ఎర్రర్ ఇచ్చేస్తుంది. అదే లిస్ట్‌ని ముందు పెట్టి పైప్‌తో పంపితే ఎస్ స్ట్రింగ్ అని ముందే తెలిసిపోతుంది, ఏ టైపూ రాయక్కర్లేదు. కోడ్ అదే, పని అదే, వరస మారిందంతే. అందుకే ఎఫ్ షార్ప్ పైప్‌కి 5కి 5, ఇంకెక్కడా ఇవ్వను.

ఆ గుర్తు ఎఫ్ షార్ప్ వాళ్లు కనిపెట్టింది కాదు, 1994లో ఇసబెల్ అనే థియరమ్ ప్రూవర్ (లెక్కల రుజువులు సరిచూసే ప్రోగ్రామ్) కోడ్‌లో పుట్టింది, దాన్ని ఊరూవాడా తెలిసేలా చేసింది మాత్రం ఎఫ్ షార్పే. ఆలోచన ఇంకా పాతది, యూనిక్స్‌లో ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్ ఇంకోదానిలోకి వదిలే పైప్ 1973లోనే వచ్చింది. తర్వాత ఓకామెల్ 4.01లో 2013లో పైప్ చేరింది, దానితో పాటే డాలర్ పని చేసే @@ కూడా, ఆర్ భాష 4.1.0లో 2021లో సొంతంగా తెచ్చుకుంది, పీహెచ్‌పీ 8.5లో 2025లో. తమాషా ఏంటంటే ఓకామెల్ స్టాండర్డ్ లైబ్రరీలో కంపోజిషన్‌కి ఫంక్షన్ వచ్చింది 5.2లో, 2024లో, గుర్తు ఇప్పటికీ లేదు. అప్లికేషన్ అందరికీ కావాలి, కంపోజిషన్ కొందరికే కావాలి అని నాకు అర్థమైంది.

గుర్తు ఒకటే కదా అని ఒక భాష అలవాటుని ఇంకో భాషలోకి మోసుకెళ్తే దెబ్బ తగులుతుంది, ఇది జాగ్రత్తగా చూడండి. ఎఫ్ షార్ప్‌లో గానీ ఓకామెల్‌లో గానీ 10 |> (-) 3 అని రాస్తే ఎంతొస్తుంది? 7 అనుకుంటాం. వచ్చేది -7. ఎందుకంటే అక్కడ పైప్ మామూలు ఫంక్షన్, 10ని తీసుకెళ్లి (-) 3 అనే సగం నిండిన ఫంక్షన్‌కి ఇస్తుంది, ఆ ఫంక్షన్ 3లోంచి వచ్చినదాన్ని తీసేస్తుంది, 3 - 10. ఎలిక్సిర్‌లో మైనస్‌ని పేరుతో పిలిచి ఇదే పని చేస్తే 7 వస్తుంది, ఎందుకంటే అక్కడ పైప్ మాక్రో, కంపైల్ అయ్యేటప్పుడే ఎడమవైపు ఉన్నదాన్ని తీసుకెళ్లి కుడివైపు కాల్‌లో మొదటి ఆర్గ్యుమెంట్‌గా కూర్చోబెడుతుంది. ఒకచోట డేటా ఆఖరి ఆర్గ్యుమెంట్, ఇంకోచోట మొదటి ఆర్గ్యుమెంట్. రెండు భాషల లైబ్రరీలు మొత్తం దాన్ని బట్టే కట్టారు, ఎఫ్ షార్ప్‌లో మ్యాప్‌కి ఫంక్షన్ ముందు, లిస్ట్ తర్వాత, ఎలిక్సిర్‌లో లిస్ట్ ముందు. రెండిట్లో ఏది మంచిది అంటే నేను ఎటూ తేల్చను, ఆ భాషలో ఉన్నన్ని రోజులూ రెండూ హాయిగానే ఉంటాయి, వారానికి రెండు భాషల మధ్య తిరిగేవాళ్లకే కష్టం.

ఇప్పుడు నేను తిన్న దెబ్బ. హాస్కెల్లో పైప్ పని చేసే గుర్తు &, 2015లో జీహెచ్‌సీ 7.10తో పాటు బేస్ లైబ్రరీలోకి వచ్చింది. పైప్ అలవాటుతో నేను & వాడుతూ మధ్యలో చుక్క కలిపేశా. పేర్ల ఫైల్ ఒకటి చదువుతున్నాం, ప్రతి లైన్ చివర కామా, కామా తర్వాత ఒక ఖాళీ. ఖాళీలు ట్రిమ్ చేసి, మిగిలిన చివరి అక్షరం, అంటే కామా, తీసెయ్యాలి. నేను రాసింది ఇది:

లైన్ & ట్రిమ్ . చివరిదితీసెయ్

ఎడమ నుంచి చదివితే లైన్ తీసుకుని, ట్రిమ్ చేసి, చివరిది తీసెయ్. చూడ్డానికి ఏ లోటూ లేదు. కానీ చుక్క ప్రెసిడెన్స్ 9, & ప్రెసిడెన్స్ 1, అంటే ముందు చుక్క కట్టుకుంటుంది, దాని నడక కుడి నుంచి ఎడమకి. కాబట్టి ముందు చివరిది తీసేసింది, ఆ చివరిది ఖాళీ, తర్వాత ట్రిమ్ చేసింది, ట్రిమ్ చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. కామా కామాలాగే ఉండిపోయింది. రెండు ఫంక్షన్లూ టెక్స్ట్ తీసుకుని టెక్స్టే ఇస్తాయి, ఏ వరసలో పెట్టినా టైపులు సరిపోతాయి, కంపైలర్ నోరెత్తలేదు, వార్నింగ్ కూడా లేదు. పేర్లు సరిపోలట్లేదని రెండు రోజులు డేటాబేస్‌ వైపు వెతికాం, డేటా పంపినవాళ్లని కూడా అడిగాం, తప్పు నా ఒక్క చుక్కలో ఉంది. టైపులు కాపాడతాయి అనే నమ్మకం మీద హాయిగా నిద్రపోయేదాన్ని, ఒకే టైప్ లోపలికెళ్లి ఒకే టైప్ బయటికొచ్చే ఫంక్షన్ల దగ్గర ఆ కాపలా ఉండదని అప్పుడు తెలిసొచ్చింది, ఇప్పటికీ అలాంటి గొలుసు కనిపిస్తే వరస రెండుసార్లు చూసుకుంటా, టెస్ట్ ఒకటి రాసుకుంటా.

దాన్ని సరిచెయ్యడానికి ఎడమ నుంచి కుడికి నడిచే కంపోజిషన్ >>> పెట్టి లైన్ & ట్రిమ్ >>> చివరిదితీసెయ్ అని రాశా, అది కంపైలే కాలేదు. రెండిటి ప్రెసిడెన్సూ 1, కానీ & ఎడమ నుంచి కట్టుకుంటుంది, >>> కుడి నుంచి, బ్రాకెట్ పెట్టకపోతే కంపైలర్ ఒప్పుకోదు. నిజం చెప్పాలంటే ఆ ఎర్రర్ చూసి సంతోషమేసింది, చుక్క దగ్గర కూడా ఇలాగే ఆపి ఉంటే రెండు రోజులు మిగిలేవి. చివరికి లైన్ & ట్రిమ్ & చివరిదితీసెయ్ అని రాసి వదిలేశా. ఒక లైన్లో ఒకటే దిక్కు, అది మా టీమ్‌లో ఇప్పుడు రాసి పెట్టుకున్న నియమం. ఎడమ నుంచి కుడికైతే మొత్తం &, కుడి నుంచి ఎడమకైతే చుక్కలు, ఆఖర్న ఒక డాలర్.

ఈ విషయంలో ఎల్మ్ నాకు బాగా నచ్చుతుంది, |> <| >> << నాలుగే నాలుగు, బాణం ఎటు చూపిస్తే డేటా అటు పోతుంది, కొత్తగా చూసినవాళ్లు కూడా ఊహించేస్తారు. 2018లో వచ్చిన 0.19 నుంచి సొంత ఆపరేటర్లు తయారుచేసుకోవడం కూడా ఆపేశారు, అప్పట్లో చాలామందికి కోపం వచ్చింది, నాకూ వచ్చింది, ఇప్పుడు ఎవరి కోడ్ తెరిచినా తెలిసిన గుర్తులే కనబడుతుంటే వాళ్లే కరెక్ట్ అనిపిస్తోంది. ఎఫ్ షార్ప్‌లో >> ఉంది కానీ దాన్ని తక్కువే వాడతా, ఆర్గ్యుమెంట్ రాయకుండా >> తో జెనెరిక్ (ఏ టైప్‌కైనా పనిచేసే) ఫంక్షన్ కట్టి పేరు పెడితే వాల్యూ రెస్ట్రిక్షన్ అని ఎర్రర్ వస్తుంది, ఆర్గ్యుమెంట్ రాసి పైప్ పెడితే ఆ గొడవే లేదు.

డాలర్‌కి ఒక అరమార్కు కలిపే సందర్భం ఒకటుంది, అది డూ బ్లాక్ (వరసగా చేసే పనుల గుంపు) ముందు రాసే డాలర్. అక్కడ డాలర్ లేకపోతే పెద్ద బ్రాకెట్ తెరిచి ఇరవై లైన్ల కింద మూసుకోవాలి. 2018లో జీహెచ్‌సీ 8.6లో బ్లాక్ ఆర్గ్యుమెంట్స్ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది, అది పెట్టుకుంటే ఆ డాలర్ కూడా అక్కర్లేదు. అయినా నేను డాలరే రాస్తా, కన్ను దాన్ని చూడగానే బ్లాక్ మొదలైందని పట్టుకుంటుంది.

చివరగా ఒక కోరిక. & ఇప్పటికీ హాస్కెల్ ప్రెల్యూడ్‌లో, అంటే అడక్కుండానే అందే లైబ్రరీలో, లేదు. డాలరూ చుక్కా తలుపు తియ్యగానే ఎదురొస్తాయి, & కావాలంటే డేటా.ఫంక్షన్ మాడ్యూల్ నుంచి పేరు పెట్టి తెచ్చుకోవాలి, అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామందికి అసలు అదొకటుందనే తెలీదు. ఆ అమ్మాయికి నిన్న ఆ ఒక్క ఇంపోర్ట్ లైన్ రాసిచ్చా. సాయంత్రానికి తన ఫైల్లో ఆరు డాలర్లున్న లైన్ ఒకటి ఆరు వరసలై నిలువుగా నిలబడింది, మూడో వరస కింద కామెంట్ పెట్టి "అక్కా, తప్పు ఇక్కడుంది" అని చూపించింది.